దేవుడి పేర రాసిచ్చినది



మన ఇళ్లలో తరచూ వినిపించే ఒక ఇంగ్లీషు మాటతో మొదలుపెడతాను. శాంక్షన్. "అమ్మకి పెన్షన్ శాంక్షన్ అయింది", "ఇంటి లోన్ ఇంకా శాంక్షన్ కాలేదు, బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాం" అంటుంటాం. మంజూరు అనే అర్థంలో అది దాదాపు తెలుగు మాటే అయిపోయింది. అదే మాట సాయంత్రం వార్తల్లోనూ వస్తుంది. ఫలానా దేశం మీద అమెరికా శాంక్షన్లు విధించిందంటారు. పత్రికలవాళ్లు వాటిని ఆంక్షలని రాస్తారు. ఒకచోట సరేనని ఒప్పుకోవడం, ఇంకోచోట వీల్లేదని కట్టడి చేయడం. ఒక్క మాటలోకి ఇంత ఎదురెదురు అర్థాలు ఎలా వచ్చాయి?

ఈ చిక్కుముడి రోమ్ నగరంలో విడుతుంది. లాటిన్‌లో 'సాంకీరె' అని ఒక క్రియ ఉంది. ఒక కట్టుబాటును దేవుళ్ల సాక్షిగా బిగించి, ఇక దీన్ని ఎవరూ మీరకూడదని తేల్చెయ్యడం దాని అర్థం. రోమన్లు చట్టం రాసేటప్పుడు, దాన్ని మీరినవాడికి ఏ శిక్ష పడుతుందో చెప్పే భాగం ఒకటి చివర్లో పెట్టేవారు. ఆ భాగం పేరు 'సాంక్తియో'. చట్టానికి ఆమోదం దొరకడమూ, మీరితే దండన పడడమూ రెండూ ఆ ఒక్క బిగింపులోనే ఉన్నాయి. మన పెన్షన్ దాని ఒక కొస పట్టుకుంది, అమెరికా ఆంక్షలు రెండో కొస పట్టుకున్నాయి. ఆ క్రియ నుంచే 'సాంక్తుస్' అనే మాట వచ్చింది. అది ఫ్రెంచివాళ్ల నోళ్లలో నలిగి నలిగి ఇంగ్లీషులో సెయింట్ అయింది. శాంక్చువరీ, శాంక్టిటీ కూడా ఆ ఇంటివే. ఈ సాంక్తుస్‌కు రక్తసంబంధం ఉన్న ఇంకో మాట 'సాకెర్'. సేక్రెడ్, సాక్రిఫైస్, సాక్రమెంట్, కాన్సెక్రేట్, సాక్రిలెజ్ అన్నీ సాకెర్ సంతానం.

ఇవాళ ఇంగ్లీషువాడు సేక్రెడ్ అన్నాడంటే భక్తి, గౌరవం, మనసు లోతుల్లో కలిగే ఒక పులకింత గుర్తుకొస్తాయి. పుట్టినచోట మాత్రం ఆ మాటకు మనసుతో పెద్దగా పని లేదు. అది నేలకూ, సొత్తుకూ, హద్దుకూ సంబంధించిన మాట. ఇది ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు. మనుషుల చేతిలోంచి దేవుడి చేతిలోకి వెళ్లిపోయింది సాకెర్. ఇక దాని మీద మనకు హక్కు లేదు. ఈ సంగతి పట్టుకుంటే తక్కిన మాటలన్నీ వాటంతట అవే తలుపులు తెరుస్తాయని నా నమ్మకం.

మన పల్లెల్లో దేవుడి మాన్యం తెలియనివారుండరు. అయిదెకరాలో పదెకరాలో ఊరి రాములవారి పేరిట ఉంటాయి. ఆ మట్టికీ పక్క పొలం మట్టికీ తేడా కనపడదు, రెండింట్లోనూ అదే వరి పండుతుంది. కానీ అది దేవుడిది. మన న్యాయస్థానాలు కూడా ఆలయంలోని మూర్తిని ఆస్తి కలిగి ఉండగల వ్యక్తిగా గుర్తిస్తాయి. 1925లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఒక బెంగాలీ కుటుంబం కేసులో ఆ మాట స్పష్టంగా చెప్పింది. మన పాత దానశాసనాల్లో ఇంత భూమి ఫలానా దేవుడికి ఇచ్చామని చెప్పాక, చివర్లో దాన్ని అపహరించినవాడికి శాపం ఉంటుంది. ఒకే రాతి మీద దానమూ శాపమూ. సాకెర్ అనే మాటలో ఈ రెండూ ఒక్కటిగా కలిసిపోయాయి. దేవుడికి ఇచ్చిన వస్తువూ సాకెరే, దేవుడి ఆగ్రహానికి వదిలేసిన మనిషీ సాకెరే.

దీనికి రాతి సాక్ష్యమే ఉంది. 1899లో జాకొమో బోని అనే పురావస్తు శాస్త్రవేత్త రోమ్ నగరపు పాత సభాస్థలి ఫోరమ్‌లో తవ్వకాలు చేయిస్తుండగా నల్లరాయి పరిచిన ఒక చదరం బయటపడింది. దాని కింద విరిగిన రాతి స్తంభపు మొదలు ఒకటి దొరికింది. దాని నాలుగు పక్కలా అక్షరాలు. ఒక వరస ఒక వైపు నుంచి సాగితే, తర్వాతి వరస ఎదురు వైపు నుంచి వెనక్కి వస్తుంది. లిపి ఇంకా గ్రీకు అక్షరాల పోలిక వదులుకోలేదు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నాటిదని పండితుల అంచనా. లాటిన్‌లో మనకు దొరికిన అతి పాత శాసనాల్లో అది ఒకటి. స్తంభం పైభాగం పోయింది కాబట్టి వాక్యాలు పూర్తిగా తెలియవు. రాజు అనే మాట ఒకటి చదవగలుగుతున్నారు. దానికి ముందే ఇంకో రెండు మాటలు చక్కగా కనిపిస్తాయి: 'సక్రోస్ ఎసెద్'. సాకెర్ అగుగాక అని అర్థం. ఈ చోటును పాడుచేసినవాడికి పెట్టిన శాపమని పండితులు వివరిస్తారు. సేక్రెడ్ అనే మాట తాతముత్తాతలు మనకు మొదటిసారి కనిపించేది శాపంలోనే.

క్రీస్తుపూర్వం 451, 450 సంవత్సరాల్లో రోమన్లు పన్నెండు పట్టికల చట్టం రాసుకున్నారు. తనను నమ్ముకున్న ఆశ్రితుణ్ణి మోసగించిన పెద్దమనిషి సాకెర్ అగుగాక అని అందులో ఉంది. అలాంటివాడి గురించి ఫెస్తుస్ అనే నిఘంటుకారుడు ఒక వింత నియమం చెప్పాడు. వాణ్ణి బలి ఇవ్వకూడదు, కానీ ఎవరైనా చంపితే అది హత్య కిందికి రాదు. అప్పటికే దేవుడిదైపోయినవాణ్ణి మళ్లీ దేవుడికి ఎలా ఇస్తారు? అలాగని అతను మనుషుల చట్టం నీడలోనూ లేడు. రెండు వైపులా తలుపులు మూసేసిన బతుకు. ఇటలీ తత్వవేత్త జార్జో అగాంబెన్ 1995లో 'హోమో సాకెర్' అని పుస్తకం రాసి, ఏ చట్టమూ ఆదుకోని మనుషుల గురించి మన కాలంలో ఆలోచించడానికి ఈ పాత మాటనే ఆధారం చేసుకున్నాడు. ఆయన వాదనతో అందరూ ఏకీభవించరు. పౌరసత్వం లేకుండా శిబిరాల్లో మగ్గుతున్నవాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు మాత్రం ఫెస్తుస్ వాక్యమే మెదులుతుంది.

క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గయుస్ అనే న్యాయశాస్త్రజ్ఞుడు విద్యార్థుల కోసం ఒక పాఠ్యగ్రంథం రాశాడు. అది 1816లో ఉత్తర ఇటలీలోని వెరోనాలో బయటపడింది. చర్మపత్రం మీద ఆయన రాతను గీకేసి, ఆ పైన సెయింట్ జెరోమ్ లేఖలు రాశారట. అడుగున మిగిలిన జాడలను కూడబలుక్కుని చదివారు. వస్తువులన్నీ రెండు రకాలంటాడు గయుస్: దేవుళ్ల హక్కులో ఉన్నవి, మనుషుల హక్కులో ఉన్నవి. దేవుళ్ల హక్కులోని వాటికి ఆయన చెప్పిన లెక్క నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే. పైనున్న దేవుళ్లకు అంకితమైనవి సాకెర్. చనిపోయినవాళ్ల ఆత్మలకు వదిలినవి రెలిగియోసుస్. నగరపు గోడలూ ద్వారాల వంటివి సాంక్తుస్.

ఇంగ్లీషులో ఇవాళ మూడూ ఒకే భక్తి కోవలోకి చేరిపోయిన మాటలు, సేక్రెడ్, రిలిజియస్, సెయింట్. గయుస్ దగ్గర మూడూ మూడు వేరు వేరు దస్తావేజులు. ఒక స్థలం సాకెర్ కావాలంటే రోమ్ ప్రజల అనుమతి ఉండాలి, చట్టమో సెనేట్ తీర్మానమో కావాలి. ఒక్కడు తనకు తానుగా చేయలేడు. రెలిగియోసుస్ అలా కాదు. నా పొలంలో నావాళ్లను నేను పూడ్చిపెట్టుకుంటే చాలు, ఆ చోటు రెలిగియోసుస్ అయిపోతుంది. ఏ అధికారీ రానక్కర్లేదు, తండ్రిని పూడ్చుకున్న ఒక మామూలు రైతు చేతిలో ఉన్న అధికారం అది. రిలిజియస్ అనే మాటకు చట్టంలో ఒకప్పుడు సమాధి మట్టి అంటుకుని ఉందన్నమాట. కొన్ని రోజులు కూడా రెలిగియోసుస్. గౌల్ జాతివాళ్ల చేతిలో అలియా నది దగ్గర రోమ్ సైన్యం చిత్తుగా ఓడిన జూలై 18 అలాంటిది. ఆ రోజు ఏ పనీ మొదలుపెట్టకూడదు.

రిలిజియన్ మూలమేమిటన్న తగవు పాతదే. మళ్లీ మళ్లీ చూసుకోవడం, జాగ్రత్తగా పరిశీలించడం అనే క్రియ నుంచి వచ్చిందన్నాడు రోమన్ వక్త సిసెరో. కట్టివేయడం నుంచి, మనిషిని దేవుడికి కట్టిన బంధం నుంచి వచ్చిందన్నాడు 4వ శతాబ్దపు క్రైస్తవ రచయిత లాక్తాంతియుస్. ఆ తగవు ఇప్పటికీ తెగలేదు.

గోడల సంగతి సులభంగానే అర్థమవుతుంది. ఎద్దునూ ఆవునూ కట్టి నాగలితో నగరం చుట్టూ చాలు తీసి రోములుస్ హద్దు ఏర్పరిచాడని రోమన్ల పురాణం. ఆ హద్దు దాటి దూకిన తమ్ముడు రెముస్‌ను చంపేశారు. దాటరానిది సాంక్తుస్. తర్వాతి కాలంలో క్రైస్తవులు ఆ మాటను మనుషులకు పెట్టారు. గోడకు ఉన్న మాట పుణ్యపురుషులకు వచ్చింది. దాని పిల్ల శాంక్చువరీ మధ్యయుగాల ఇంగ్లండులో చర్చి గడప అయింది. నేరం చేసి పారిపోయినవాడు చర్చిలోకి చేరితే 40 రోజులు వాణ్ణి ఎవరూ పట్టుకోకూడదు. ఆ తర్వాత నేరం ఒప్పుకుని దేశం విడిచి వెళ్లాలి. 17వ శతాబ్దం మొదట్లో, మొదటి జేమ్స్ రాజు కాలంలో, ఆ ఆనవాయితీ రద్దయింది. మాట మాత్రం పక్షుల దగ్గరికి ఎగిరిపోయింది. కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులు పిల్లల్ని పెట్టుకునే చోటును ఇంగ్లీషులో శాంక్చువరీ అంటారు. మనవాళ్లు దాన్ని అభయారణ్యమన్నారు. అభయం అనే మాట పెట్టినవారెవరో గాని వారికి చేతులెత్తి మొక్కాలి.

సాకెర్ కావాలంటే ప్రజల అనుమతి ఉండాలని గయుస్ చెప్పిన నియమం ఒక మనిషి ఇంటి మీదికి ఎలా వచ్చిందో చూస్తే ఈ మాటల బరువు బాగా తెలుస్తుంది. ఆ మనిషి సిసెరో. క్రీస్తుపూర్వం 63లో ఆయన కాన్సుల్, అంటే రోమ్‌లో అత్యున్నత అధికారి. ప్రభుత్వాన్ని కూలదోయాలన్న కాతిలీనా కుట్రలో పట్టుబడినవాళ్లను విచారణ లేకుండానే చంపించాడు. క్రీస్తుపూర్వం 58లో ఆయన బద్ధశత్రువు క్లోదియుస్ సామాన్య జనం ఎన్నుకునే ట్రిబ్యూన్ పదవిలోకి వచ్చి, విచారణ లేకుండా పౌరులను చంపించినవాళ్లను వెలివేసే చట్టం తెచ్చాడు. సిసెరో రోమ్ వదిలి పారిపోయాడు. పాలతీన్ కొండ మీద ఆయనకు పెద్ద ఇల్లు ఉండేది, సెస్టర్షు అనే రోమన్ నాణేలు 35 లక్షలు పోసి కొన్నది. దాన్ని దోచి, తగలబెట్టి, పడగొట్టారు.

క్లోదియుస్ అంతటితో ఆగలేదు. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు, నేల ఎటూ పోదు. ఆ నేలే సిసెరోకు దక్కకుండా పోవాలంటే ఏం చేయాలి? దేవతకు ఇచ్చేయాలి. ఆ స్థలంలో కొంత భాగంలో స్వేచ్ఛాదేవత మందిరం పెట్టి, కాన్సెక్రేట్ చేయించాడు. ఆ తంతుకు ఒక పద్ధతి ఉంది. అర్చకమండలి సభ్యుడు, వాళ్ల మాటలో పొంతిఫెక్స్, గుడి ద్వారబంధాన్ని చేత్తో పట్టుకుని నిలబడి, నిర్ణీతమైన మాటలను ఒక్క అక్షరం తప్పకుండా పలకాలి. క్లోదియుస్ తన బావమరిదినే తెచ్చి నిలబెట్టాడు. ఆ కుర్రవాడు మండలిలోకి కొత్తగా వచ్చినవాడు.

మరుసటి ఏడు సిసెరో తిరిగొచ్చాడు. సెప్టెంబర్ 29న అర్చకమండలి ముందు నిలబడి తన ఇంటి కోసం తానే వాదించాడు. ఆ ప్రసంగం నేటికీ ఉంది. కుర్రవాడి నాలుక తడబడిందనీ, గొంతు వణికిందనీ, మాటలు తారుమారయ్యాయనీ చెప్పాడు. ఆ స్వేచ్ఛాదేవత విగ్రహం గ్రీసులోని తనాగ్రాలో ఒక వేశ్య సమాధి మీద నుంచి ఎత్తుకొచ్చిందని బయటపెట్టాడు. ఇవన్నీ సభను కదిలించడానికి. అసలు వాదన వేరే. ప్రజల ఆజ్ఞ లేకుండా ఏ కట్టడాన్నీ కాన్సెక్రేట్ చేయకూడదని పాపిరియుస్ చట్టం చెబుతోంది, ప్రజలు క్లోదియుస్‌కు పేరు పెట్టి ఆ ఆజ్ఞ ఇవ్వలేదు, కాబట్టి ఈ నేల దేవతకు చేరనే లేదు అన్నాడు. అర్చకులు ఆ మాటనే ఒప్పుకున్నారు. పేరు పెట్టి ఇచ్చిన ఆజ్ఞ లేనిపక్షంలో స్థలం తిరిగి ఇవ్వడంలో దోషం లేదని తీర్పు చెప్పారు. ఇల్లు కట్టుకోవడానికి 20 లక్షల సెస్టర్షుల పరిహారం కూడా నిర్ణయమైంది. ఆ మరుసటి ఏడాది ఊరి బయట ఏదో వింత శబ్దం వినిపిస్తే, దేవత నేలను లాక్కున్నందుకే ఈ అపశకునమని క్లోదియుస్ మళ్లీ అల్లరి చేశాడు. సిసెరో మళ్లీ సభకెక్కి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఈ కథలో దేవత ఉందా లేదా, ఆమెకు ఆ స్థలం ఇష్టమా కాదా అని ఎవరూ అడగరు. దస్తావేజు చెల్లుతుందా లేదా అన్నదే ప్రశ్న. ఇది భక్తి లేకపోవడమని కొందరికి అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. దేవుడికి ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేమని నిజంగా నమ్మినవాళ్లే ఇచ్చారా లేదా అని ఇంత పట్టుగా విచారిస్తారు.

సాకెర్, సాంక్తుస్ రెండూ జోడించి ఒక మాట చేశారు, సాక్రోసాంక్ట్. సామాన్య జనం ఎన్నుకున్న ట్రిబ్యూన్లకు ఆ మాట వర్తించేది. క్రీస్తుపూర్వం 494లో అప్పుల బాధ, ప్రభువంశాల దౌర్జన్యం భరించలేక జనం ఊరు వదిలి, సేక్రెడ్ మౌంట్ అని ఇంగ్లీషు చరిత్రకారులు రాసే కొండ మీదికి వెళ్లి కూర్చున్నారని రోమన్ చరిత్ర చెబుతుంది. తమ తరఫున ట్రిబ్యూన్లు ఉండేలా ఒప్పించుకున్నాకే దిగి వచ్చారు. ఆ ట్రిబ్యూన్ మీద చెయ్యి వేసినవాడు సాకెర్ అవుతాడని జనమంతా ప్రమాణం చేశారు. సైన్యం లేని, డబ్బు లేని జనానికి అదే కవచం. క్రీస్తుపూర్వం 133లో ఆ కవచం పగిలింది. ధనికుల కింద ఉన్న ప్రభుత్వ భూములను పేదలకు పంచాలన్న ట్రిబ్యూన్ తిబేరియుస్ గ్రాకుస్‌ను సెనేటర్లు విరిగిన బల్లల కాళ్లతో కొట్టి చంపారు. శవాన్ని తైబర్ నదిలో పారేశారు. ముందు నడిచినవాడు మరెవరో కాదు, అర్చకమండలికే పెద్ద అయిన సిపియో నాసీకా. తన అంగవస్త్రాన్ని తల మీదికి లాక్కుని మరీ కదిలాడట. భూమి పంపకం అడిగినవాడిని చంపడానికి పవిత్రతకు కాపలాదారే దారి తీశాడు. ఈ ఘట్టం చదివినప్పుడు గుండె బరువెక్కుతుంది.

ఇక సాక్రిఫైస్. సాకెర్‌కు చేయడం అనే క్రియ చేరింది. మన సొత్తును దేవుడి సొత్తుగా చేయడమని తాత్పర్యం. ఇవాళ ఇంగ్లీషులో వదులుకోవడం, త్యాగం అనే అర్థమే మిగిలింది. రోమన్లకు అందులో ఎవరికి ఇస్తున్నామన్నది ముఖ్యం. దాని పక్కనే ఇమ్మొలేట్ అనే మాట ఉంది. సెల్ఫ్ ఇమ్మొలేషన్ అంటే ఒంటికి నిప్పంటించుకోవడమని పత్రికల్లో చదువుతాం. అసలు మాటలో నిప్పు లేదు, పిండి ఉంది. వెస్తా దేవత కన్యలు ముగ్గురు, అందరిలో పెద్దవాళ్లు, మే 7 నుంచి 14 వరకు రోజు విడిచి రోజు పాతరకం గోధుమ వెన్నులు సేకరించేవారు. వాటిని తామే వేయించి, దంచి, పిండి విసిరేవారు. ఏడాదిలో మూడు పండుగలకు, ఫిబ్రవరి 15న, జూన్ 9న, సెప్టెంబర్ 13న, ఆ పిండిలో ఉప్పు కలిపి సిద్ధం చేసేవారు. దాని పేరు 'మోలా సాల్సా', ఉప్పు పిండి. బలిపీఠం ముందు నిలబెట్టిన ఎద్దు నుదుట ఆ పిండి చల్లి, ద్రాక్షసారా పోసి, కత్తిని వీపు మీదుగా ఊరికే అలా ఆనించి తీసేవారు. వేటు అప్పుడే పడదు. కానీ ఆ పిండి పడిన క్షణమే ఎద్దు రైతుది కాకుండా పోయింది. ఆ మోలా చల్లడమే ఇమ్మొలేట్. మాట పుట్టినచోట తిరగలితో విసిరిన పిండి వాసన వస్తుంది.

సాక్రిలెజ్ గురించి ఒక్క మాట. దాని విశేషణ రూపం వినడానికి రిలిజియస్‌కు చుట్టంలా ఉంటుంది, అందుకే ఇంగ్లీషు పిల్లలు వర్ణక్రమం తప్పు రాస్తుంటారు. నిజానికి అది రిలిజియస్ నుంచి వచ్చింది కాదు. అందులో ఉన్నది ఏరుకోవడం, ఎత్తుకుపోవడం అనే క్రియ. దేవుడి సొత్తు దొంగిలించినవాడే సాక్రిలెజ్ చేసినవాడు. ఇక్కడా సొత్తే. సేక్రెడ్‌కు ఎదురు మాట ప్రొఫేన్. అంటే గుడి బయట ఉన్నది, గుడి ముందరిది. గుడిని 'ఫానుమ్' అనేవారు. ఆ ఫానుమ్ నుంచే 'ఫానాతికుస్' వచ్చింది, గుడిలో పూనకం వచ్చినవాడు. యుద్ధదేవత బెల్లోనా పూజారులు ఆవేశంతో తమ చేతులు తామే కోసుకుని నెత్తురు చిమ్మేవారు, వాళ్లే ఫానాతికుస్‌లు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఫెనటిక్ మతవివాదాల్లో తిట్టుగా మారింది. 19వ శతాబ్దం చివర అమెరికాలో బేస్‌బాల్ ఆట చూసేవాళ్లు దాన్ని సగానికి తుంచి ఫ్యాన్ అన్నారు. మన హీరోల కటౌట్లకు పాలాభిషేకం చేసే కుర్రాళ్ల పేరు అక్కడి నుంచి వచ్చిందే.

సాక్రమెంట్ ప్రయాణం ఇంకా దూరం. మొదట అది కోర్టులో కట్టే పందెం సొమ్ము. ఇద్దరు ఒక వస్తువు నాదంటే నాదని తగవు పడితే, ఇద్దరూ పందెం కట్టాలి. వివాదం విలువ వెయ్యి ఆస్ నాణేలకు తగ్గనిదైతే 500, తక్కువదైతే 50. ఓడినవాడి సొమ్ము ఖజానాకు పోతుంది. ఆ సొమ్ము పేరు 'సాక్రామెంతుమ్'. సైన్యంలో చేరేవాడు చేసే ప్రమాణానికీ అదే పేరు. క్రీస్తుశకం 112 ప్రాంతంలో, ఇప్పటి తుర్కియే ఉత్తర తీరంలో గవర్నరుగా ఉన్న ప్లినీ, క్రైస్తవుల గురించి ట్రాజన్ చక్రవర్తికి లేఖ రాశాడు. వీళ్లు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా కీర్తిస్తూ పాడుకుంటారనీ, దొంగతనం, దోపిడీ, వ్యభిచారం చేయబోమని ప్రమాణం చేసుకుంటారనీ తెలియజేశాడు. అక్కడ ఆయన వాడిన మాట సాక్రామెంతుమ్. ఇంకో 90 ఏళ్లకు కార్తేజ్ నగరంలో తెర్తూలియన్ అనే క్రైస్తవ రచయిత జ్ఞానస్నానం తీసుకునేవాణ్ణి సైనిక ప్రమాణం చేసినవాడితో పోల్చాడు. సిపాయి మాట చర్చిలోకి వచ్చి స్థిరపడింది. తెలుగు కతోలికులు ఆ మాటకు సంస్కారం అన్నారు. జ్ఞానస్నానం, సత్ప్రసాదం, వివాహం, ఇలా సంస్కారాలు ఏడు. సెయింట్‌కు వాళ్లు వాడే మాట పునీత. పునీత అంతోనివారి పండుగ అంటే కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో అందరికీ తెలుసు.

ఈ లాటిన్ మాటలు ఇంగ్లీషులోకి రాకముందు ఇంగ్లీషువాడికి సొంత మాట లేకపోలేదు. 597లో పోప్ గ్రెగరీ పంపిన మతప్రచారకుడు అగస్టిన్ కెంట్ రాజ్యంలో దిగినప్పుడు, సాంక్తుస్ అనే మాటను స్థానికులకు ఎలా చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. వాళ్ల 'హాలిగ్' అందుకు పనికొచ్చింది. అదే నేటి హోలీ. ఏ గాయమూ లేకుండా నిండుగా ఉండడమనే మాటకూ ఆరోగ్యమనే మాటకూ అది దగ్గరి చుట్టం. 1066లో నార్మన్లు గెలిచాక ఫ్రెంచి దారిన లాటిన్ మాటలు వరద కట్టాయి. ఆ వరదలో 'సాక్రెన్' అనే క్రియ వచ్చింది, దేవుడికి అంకితం చేయడమని అర్థం. మన సేక్రెడ్ ఆ క్రియకు భూతకాలపు రూపం. అంటే మొదట్లో అది గుణం చెప్పే మాట కాదు, జరిగిపోయిన పని చెప్పే మాట: అంకితమైనది. క్రియ వాడుకలోంచి పోయింది, చేసినవాడు కనపడకుండా పోయాడు, రూపం ఒక్కటీ నిలిచింది. అందుకే నేటి ఇంగ్లీషులో ఎవరూ ఎవరికీ ఇవ్వకుండానే వస్తువులు సేక్రెడ్ అయిపోతున్నాయి.

లాటిన్‌కు సంస్కృతంతో చుట్టరికం ఉందని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ప్రకటించిన సంగతి శ్రోతల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. దేవుడనే 'దేయుస్' మన దేవ శబ్దానికి తోబుట్టువు. నమ్ముతున్నాను అనే 'క్రేదో' మన శ్రద్ధకు తోబుట్టువు. వేదాల్లోని ద్యౌష్పితా, రోమన్ల జుపిటర్ ఒకటే పేరు. సాకెర్‌కు మాత్రం సంస్కృతంలో స్పష్టమైన చుట్టం దొరకలేదు. గుడి, వేల్పు, మొక్కు వంటి మన అచ్చతెలుగు మాటలది వేరే వంశం, ద్రావిడం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి రుజువు చేశాడు.

సాకెర్‌కు వంశం ఇక్కడ లేకపోయినా, దాని తంతు మాత్రం మన పల్లెల దాకా వచ్చింది. కొత్త కతోలిక దేవాలయం కట్టి ప్రతిష్ఠించేటప్పుడు ఏలూరులో అయినా వరంగల్‌లో అయినా రోమ్ ఆమోదించిన క్రమాన్నే పాటిస్తారు. మేత్రాణులు, అంటే బిషప్, ఊరేగింపుగా వస్తారు. తలుపులు మూసి ఉంటాయి. విగ్రహాలు, దీపాలు తర్వాతి సంగతి. ముందుగా, గుడి కట్టడానికి చందాలు ఇచ్చినవాళ్లు, పనిచేసినవాళ్ల తరఫున కొందరు గడప దగ్గర నిలబడి, భవనాన్ని ఆయనకు అప్పగించాలి. ఏం చేతిలో పెట్టి అప్పగించాలో కూడా ఆ క్రమంలోనే రాసి ఉంది: తాళం చెవులు గాని, కట్టడపు నమూనా గాని, ఆ స్థలం తాలూకు దస్తావేజులు గాని.